మోక్షితమ్మ నోరు

భాద్రపద శుద్ధ విదియ

పొద్దుటి పలకరింపులు పూర్తయ్యాయి. తేలూరులో నా దగ్గర పూస వేయించుకున్న ప్రతి మనిషికీ తెల్లవారాక ఒకసారి నా గొంతు వినిపిస్తుంది. పూసని వెనక దంతానికి లోపలివైపు అతికిస్తాను. అది దవడ ఎముకలోంచి మాట్లాడుతుంది కాబట్టి పక్కన పడుకున్న మొగుడికి కూడా వినపడదు. నోరు కడుక్కున్నారా, తిన్నది సహించిందా, బాగున్నారా అని అడుగుతాను. బాగుంటే నాలుకతో పూసని నొక్కాలి, లేకపోతే ఊరుకోవాలి. మిగతా సంగతులు పూసే చెబుతుంది. ఎంత నమిలారు, నోట్లో వేడి ఎంత, రక్తం ఏమైనా వస్తోందా అన్నవన్నీ వచ్చి నా గదిలోని పెట్టెలో చేరతాయి. నా పలకరింపు వెళ్ళేదీ ఆ పెట్టెలోంచే.

ఈ పలకరింపంటే అందరికీ ముద్దేమీ కాదు. పూసకి మాటలు వినపడవన్న ధైర్యంతో పొద్దున్నే నన్ను తిట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారని మా రిత్విక్ చెబుతుంటాడు. రిత్విక్ నా దగ్గర పడవ నడుపుతాడు, పనిముట్లు ఉడకబెడతాడు, ఊరి కబుర్లన్నీ మోసుకొస్తాడు. నాలుగో వరస మోక్షితమ్మ అయితే పూస వేయించుకున్న నాటినుంచి ఒక్కసారి కూడా నొక్కిన పాపాన పోలేదు. ఈ తరం ముసలమ్మలంతా ఇంతే. మోక్షిత, హాసిని, లాస్య అని పేర్లేమో ముద్దుగా ఉంటాయి. మాట్లాడబోతే మీదకొస్తారు. అందులోనూ మోక్షితమ్మ రేవులో చేపల వేలం పాట పాడే మనిషి. ఆవిడ పాట అందుకుంటే మొదటి వరసలో పసిపిల్లలు ఉలిక్కిపడతారు.

ఇవాళ ఊళ్ళో ఏ ఇల్లు ఏ వరసలో ఉండాలో తేల్చే లంగరు ఆఫీసు నుంచి అద్వైత్ గారు వచ్చారు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, తర్వాత విషయానికొచ్చారు. మొన్న కొస వరసలో ఒక ఇల్లు అంటుకుంది కదా, ఎవరో చుట్ట కాల్చబట్టే అన్నారు. మా ఊరంతా గ్యాసు నింపిన పీపాల మీద తేలుతోంది. ఇక్కడ నిప్పు పుట్టించడమంటే అందరి ప్రాణాలతో ఆడుకోవడమే, ఆ మాట కాదనను. వంటంతా ఎండ పలకల కరెంటుతోనే. అయినా ఆడవాళ్ళు అడ్డపొగ మానలేదు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, కాపలా పడవకి నిప్పు కనపడదు. పూసకి మాత్రం తెలిసిపోతుంది. ఎవరి నోట్లో అంత వేడి ఉందో ఆ వివరాలు కావాలని ఆయన అడిగారు.

చూద్దామండీ అన్నాను. రోగి నోటి సంగతి బయటపెట్టనని మొహం మీద చెప్పాల్సింది. నా ఆసుపత్రిని ఈ ప్రశాంతమైన వరసలో ఉంచాలో వద్దో చెప్పేది వాళ్ళే గనక నోరు రాలేదు. నా మీద నాకే చిరాగ్గా ఉంది.

శుద్ధ పంచమి

ఒక శుభవార్త. మోక్షితమ్మ పొగ మానేసింది. మూడు నాళ్ళుగా ఆవిడ నోట్లో ఆ మంట లేదు. పైగా పలకరించిన ప్రతిసారీ నొక్కుతోంది. నోరు కడుక్కున్నావా అంటే అవును, సహించిందా అంటే అవును, బాగున్నావా అంటే అవునవునవును. నమలడం కూడా అబ్బురంగా ఉంది, పొద్దస్తమానం నములుతూనే ఉంది. ఒంటి వేడి కాస్త ఎక్కువ చూపిస్తే ఎండదెబ్బ అనుకున్నాను. ఉమ్మిలో పులుపు తగ్గితే నాచు పచ్చడి బాగా తింటోందనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో.

సంతోషం పట్టలేక ఊరి బాకాలో చెప్పించాను. మోక్షితమ్మ గారి నోరు ఇప్పుడు తేలూరులోకెల్లా ఆరోగ్యమైన నోరు, అందరూ ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి అని. నాలుగో వరస నుంచి నవ్వులు ఇక్కడిదాకా వినపడ్డాయి. ఆవిడ మారినందుకు మురిసిపోతున్నారనుకున్నాను. రిత్విక్ మాత్రం తలదించుకుని పనిముట్లు తుడుస్తూ కూర్చున్నాడు, ఎప్పుడూ లేనిది.

శుద్ధ సప్తమి

మెచ్చుకోలుగా ఒక కొత్త బ్రష్షు పట్టుకుని ఇవాళ నేనే నాలుగో వరసకి వెళ్ళాను. మోక్షితమ్మ ఇంటి ముందు మేక ఉంది. పేరు కలెక్టరు. ఎండునాచు మోపు ముందేసుకుని తీరిగ్గా నెమరేస్తోంది. పక్కింటి పిల్లలు నన్ను చూసి నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. మేక ఆవులించింది. వెనక దంతం మీద, పడవ చిల్లులకి వేసే నల్ల జిగురు మధ్యలో, నా పూస మెరిసింది.

ముందు నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఊరందరికీ ఆదర్శంగా ఉండమని నేను బాకాలో చెప్పించింది ఒక మేక నోటి గురించి. అది నాకు తప్ప ఊరందరికీ తెలుసు, రిత్విక్‌తో సహా.

మోక్షితమ్మ గడప మీద కూర్చుని గంజి తాగుతోంది. ఎండుచేప లేదు, మిరపకాయ లేదు, చల్లారిన పల్చని గంజి. ఆ గిన్నె చూశాక నా కోపం ఎటో పోయింది. కారం లేనిదే ముద్ద ముట్టని మనిషి చప్పటి గంజి తాగుతోందంటే నోట్లో ఏదో ఉంది. నోరు తెరువు పిన్నీ, ఒక్కసారి చూస్తాను అన్నాను. తెరవలేదు.

"మేక నోరు సూసినావు గదా, బాగున్నాదని ఊరంతా సెప్పినావు గదా. ఇంకేటి సూస్తావు? ఎల్లు."

ఇంటికొచ్చి పెట్టెలో వెతికాను. పూస మేకకి చేరకముందు మోక్షితమ్మ నోట్లో కొన్నాళ్ళపాటు సన్నగా రక్తం కనపడింది. చిగుళ్ళదే అనుకుని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ఆ రక్తం వేడి తగిలే చోటినుంచి, అంగిలి నుంచి వచ్చినట్టుంది. భయంగా ఉంది.

శుద్ధ దశమి

మోక్షితమ్మ భయం ఏమిటో ఇవాళ ఆవిడ కూతురు జ్ఞానవి చెప్పింది. చంకలో నెల నిండని బిడ్డతో వచ్చింది. అంగిట్లో పుండు ఉందనీ, వేసవి నుంచి మానడం లేదనీ, రాత్రిళ్ళు ముక్కులోకి పోటు వస్తోందనీ చెప్పింది. దానికి వైద్యం గట్టు మీది పెద్దాసుపత్రిలోనే. అక్కడ చేర్చుకోవాలంటే ముందు పూస వివరాలు అడుగుతారు. అందులో నిప్పు వేడి కనపడితే ఆ సంగతి నేరుగా లంగరు ఆఫీసుకి వెళుతుంది. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి ఉన్న ఇంటిని కొస వరసకి మార్చేస్తారు. కొస వరసలో ఇల్లెప్పుడూ అలల తుంపరలో తడుస్తూ ఉంటుంది. పోయిన వానాకాలం అక్కడి పసిబిడ్డలకి ఊపిరి జబ్బు పట్టుకుంటే అందరూ దక్కలేదు.

అందుకే ఆవిడ పూస ఊడబీకింది. వైద్యానికి వెళితే మనవరాలు కొస వరసకి పోవాలి. వెళ్ళకపోతే తాను పోతుంది. రెండోది ఎంచుకుంది. ఇక్కడ నేనేమో బాకాలూదుకుంటూ కూర్చున్నాను.

జ్ఞానవితో కలిసి మళ్ళీ వెళ్ళాను. పాత వివరాలు ఎవరికీ ఇవ్వను పిన్నీ అని ఒట్టు వేయబోయాను. మోక్షితమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు మంచిదానివే అమ్మా. నీ పెట్టి మంచిది కాదు. దాంట్లో పడితే ఆల సేతిలో పడినట్టే."

ఆవిడ ఒక్కదాని వివరాలు చెరిపేస్తే ఆ ఖాళీయే పట్టించేస్తుంది. ఆఫీసు వాళ్ళు నెలనెలా ఏ నోరైనా తప్పిపోయిందా అని చూసుకుంటారు. మేక ఎన్నాళ్ళో దాచలేదు కూడా. సాయంత్రం అద్వైత్ గారి కబురు వచ్చింది, పౌర్ణమి సాయంత్రానికి పెట్టె తీసుకెళ్ళడానికి మనిషిని పంపుతామని.

శుద్ధ చతుర్దశి

ఇవాళ పలకరింపులప్పుడు ఒక్కొక్క నోటి దగ్గరా ఆగాను. రెండో వరస శౌర్య గారికి దవడలో చీము చేరే గుణం ఉంది, పూస వేడి చూసి నేను ముందే పసిగట్టి పిలిపిస్తుంటాను. చక్కెర జబ్బున్న వాళ్ళున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళున్నారు. ఈ పెట్టె లేకపోతే వీళ్ళలో ఎవరికి ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో నాకు తెలియదు. పెట్టె ఉంటే మోక్షితమ్మ బతకదు. ఆవిడ ఒక్కతేనా అంటే అదీ కాదు. అదే నిప్పు నోట్లో పెట్టుకున్న ముసలమ్మలు నాలుగో వరసలో ఎంతమందో. వాళ్ళూ ఒక్కొక్కరే పూసలు పీకేసుకుంటున్నారని రిత్విక్ ఇప్పుడు చెబుతున్నాడు. ఊరి మేకలన్నిటికీ త్వరలో నా పలకరింపులు అందుతాయన్నమాట.

ఎటు తూచినా ఎవరి ప్రాణమో ఒకటి నా చేతిలో ఊగుతోంది. ఇలాంటి తూకం వేయడం నాకెవరూ నేర్పలేదు.

పౌర్ణమి

మధ్యాహ్నం పోటు మీద అలలు ఇంటి గుమ్మం దాకా ఎగిసిపడ్డాయి. ఒక బకెట్టు నీళ్ళు ముంచి తెచ్చి, పెట్టె మూత తీసి, నిండా పోశాను. చిన్న చప్పుడు చేసి ఆగిపోయింది. ఊరి నోళ్ళన్నీ ఒక్కసారే నాకు మూగబోయాయి.

రిత్విక్ గుమ్మంలో నిలబడి చూశాడు. బకెట్టు మంచినీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాడు. అద్వైత్ గారి మనిషి వచ్చినప్పుడు, పోటు అలలకి నీళ్ళు లోపలికొచ్చేశాయండీ, ఎత్తు మీద పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా ఈవిడ వినదు అని నన్నే నాలుగు చివాట్లు పెట్టాడు. కొత్త పెట్టె గట్టు నుంచి రావాలంటే వచ్చే వేసవే. ఆ మనిషి పెట్టెలో నిలిచిన ఉప్పునీళ్ళ కేసి చాలాసేపు చూసి వెళ్ళాడు.

బహుళ తదియ

మోక్షితమ్మ నోరు తెరిచింది.

తనంతట తానే నా పడవలోకి దిగి, అద్దం కేసి తల ఎత్తి కూర్చుంది. అంగిలంతా తెల్లగా బీటలు వారి ఉంది. మధ్యలో చింతగింజంత పుండు, అంచులు గట్టిపడి పైకి లేచాయి. వేలు పెట్టి తాకాను. ఇలాంటివి పుస్తకాల్లో చూశాను, తెలిసిన మనిషి నోట్లో చూడటం ఇదే మొదలు.

దాచకుండా చెప్పాను. ఇది పాడు పుండే పిన్నీ, గట్టు మీద అంగిలి కోసేస్తారు, అప్పుడు ప్రాణం నిలుస్తుంది. కానీ నోటికీ ముక్కుకీ మధ్య కంత పడుతుంది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి. నీ మాట ఎవరికీ అర్థం కాదు, వేలం పాట పాడలేవు.

ఆవిడ రేవు వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"పిల్లది కొస వరసకి ఎల్లదు గదా?"

"వెళ్ళదు పిన్నీ. అడిగితే చూపించడానికి ఇప్పుడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. పెట్టె పాడైందని రాసిస్తాను, చేర్చుకుంటారు."

"అయితే పద."

బహుళ ద్వాదశి

శౌర్య గారిని మొన్న నలుగురు మోసుకొచ్చారు. మెడ దాకా వాచిపోయింది, నోరు తెరవలేకపోయారు, ఊపిరి కష్టమైపోయింది. పెట్టె ఉండి ఉంటే ఆయన్ని వాపు మొదలు కాకముందే పిలిపించి ఉండేదాన్ని. డాక్టరమ్మ పొద్దున్నే అడుగుతుందిలే అని ఆయన రోజూ ఎదురుచూశారట, నేను అడక్కపోయేసరికి కొంపలు మునిగేదేమీ కాదని ఊరుకున్నారట. చీము తీసి గట్టుకి పంపాను. బతికారు కానీ దవడ ముక్క కొంత తీసేయాల్సి వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

రేపటి నుంచి పడవ మీద వరస వరసకీ నేనే వెళతాను. దీపం, అద్దం, నా రెండు కళ్ళు. ఇన్నాళ్ళూ గదిలో కూర్చుని ఊరందరినీ పలకరించాననుకున్నాను, ఇక ఒక్క వరస తిరిగేసరికే పొద్దుగూకుతుంది.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

నాలుగో వరస ముసలమ్మలు నోళ్ళు తెరుస్తున్నారు. పెట్టె పోయిందన్న ధైర్యం. చూసిన అంగిళ్ళలో చాలావాటికి తెల్ల మచ్చలున్నాయి. హాసినమ్మ మచ్చ నాకు నచ్చలేదు, గట్టుకి రాసిచ్చాను. లాస్యమ్మ పొగ మానేస్తానంది, మాట్లాడుతుంటే నోట్లోంచి వాసన గుప్పుమంది. తిట్టాను. మరీ ఎక్కువ తిడితే మళ్ళీ నోరు మూసేస్తుందని సగంలో ఆపేశాను.

మోక్షితమ్మ గట్టు నుంచి తిరిగొచ్చింది. పుండు మొత్తం తీసేశామని అక్కడి డాక్టర్లు కబురు పంపారు. చిక్కిపోయింది. పడవ దిగుతూ ఏదో అంది, గాలి ముక్కులోంచి పోయి ఒక ఊళ మాత్రం వినపడింది. జ్ఞానవి బిడ్డని అందిస్తే ఆ బిడ్డ గొంతు కొత్తగా ఉందని బెదిరి ఏడ్చింది. మోక్షితమ్మ ఆ తర్వాత ఇంటికి చేరేదాకా పెదవి విప్పలేదు.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

అంగిలికి బిళ్ళ చేస్తున్నాను. కంతకి అచ్చు తీసి, దానికి సరిపోయేలా గట్టి బిళ్ళ పోసి, మిగిలిన పళ్ళకి తగిలిస్తే కంత మూసుకుంటుంది, మాట నోట్లోనే నిలుస్తుంది. చెప్పడానికి ఇంతే. మొదటి బిళ్ళ ఒరుసుకుందని ఆవిడ సముద్రంలోకి విసిరేసింది. రెండోది వదులైంది. రోజూ వచ్చి కూర్చుంటుంది, రోజూ నన్ను తిడుతుంది. బిళ్ళ లేని ఆ మాటలు మొదట్లో ఒక్కటీ తెలిసేది కాదు. ఇన్ని రోజులు పక్కన కూర్చున్నాక ఇప్పుడు ప్రతి మాటా తెలుస్తోంది. ఏం తిట్టిందో తెలియని రోజులే హాయిగా ఉండేవి.

కార్తీక శుద్ధ పంచమి

మూడో బిళ్ళ కుదిరింది. ఆవిడ నీళ్ళు తాగింది, ముక్కులోంచి రాలేదు. లేచి నిలబడి గుమ్మంలోంచి రేవు వైపు తిరిగి "కానాగంతలో" అని చేపల వేలం కేక వేసింది. పాత గొంతు కాదు, కాస్త బొంగురు. కానీ రేవులో మనుషులు తలెత్తి చూశారు. నేను గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కార్తీక పౌర్ణమి

ఇవాళ అద్వైత్ గారు వచ్చారు. మోక్షితమ్మ బిళ్ళ సరిచేయించుకోవడానికి నా గదిలోనే ఉంది. ఆయన బల్లచెక్క దాటి లోపలికి వస్తుంటేనే ఆవిడ అటు తిరిగి కూర్చుంది.

ఆయన మళ్ళీ చెప్పులు విడిచారు, మంచినీళ్ళు తాగారు. తర్వాత చెప్పారు. పెట్టెలో నీళ్ళు ఆఫీసు వాళ్ళకి నమ్మశక్యంగా లేవట. ఆ వారంలోనే నాలుగో వరస మనిషి అంగిలి కోయించుకుందట. రెండూ కలిపి చూడమని పైనుంచి ఆదేశం. మోక్షితమ్మ వాంగ్మూలం కావాలి. ఆవిడ పొగ తాగిందా, ఎన్నాళ్ళు తాగింది, పెట్టెని సంహిత గారు కావాలని పాడుచేశారా. నా పేరు చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మాటల యంత్రం తీసి బల్ల మీద పెట్టారు. మా ఊళ్ళో వాంగ్మూలం నోటితోనే ఇవ్వాలి, యంత్రం దాన్ని అక్షరాల్లో పెట్టుకుంటుంది, అప్పుడే చెల్లుతుంది.

ఆవిడకి ఏం చెప్పాలో నేను ముందుగా నేర్పలేదు, నేర్పడానికి మనసొప్పలేదు. అవునంటే వాళ్ళ ఇల్లు కొస వరసకి, నా ఆసుపత్రికి తాళం.

మోక్షితమ్మ దగ్గినట్టు చేసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి మళ్ళీ ఒడిలో పెట్టుకున్నప్పుడు గుప్పిట మూసి ఉంది. అప్పుడు మొదలెట్టింది.

చాలాసేపు మాట్లాడింది. ముక్కులోంచి గాలి, గొంతులోంచి ఊళ, మధ్యమధ్య చేతులు తిప్పడం. ఎంతో శ్రద్ధగా, పెద్దమనిషి అడిగినదానికి వరసగా జవాబు చెబుతున్నట్టు. యంత్రం మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. అద్వైత్ గారు దాన్ని దగ్గరికి జరిపారు, తట్టి చూశారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఆవిడ ఓపిగ్గా మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.

ప్రతి మాటా నాకు తెలుస్తోంది. పెళ్ళయిన నాటినుంచి తాగినాననీ, నిప్పు నోట్లోనే పెట్టుకున్నాననీ, పూస పీకి మేకకి అతికించినాననీ, డాక్టరమ్మ తన కోసమే పెట్టెలో నీళ్ళు పోసిందనీ, అలా పోసినందుకు శౌర్య దవడ పోయిందనీ, ఆ పాపంలో సగం తనదేననీ.

ఆయన నా వైపు తిరిగారు. "మీకు అలవాటు కదా సంహిత గారూ. ఏమంటున్నారు?"

"తెలియడం లేదండీ," అన్నాను.

నమ్మారో లేదో నేను చెప్పలేను. యంత్రం ఖాళీగా ఉంది, ఖాళీ వాంగ్మూలం చెల్లదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

పడవ చప్పుడు దూరమయ్యాక మోక్షితమ్మ గుప్పిట విప్పింది. బిళ్ళని నేను నేర్పినట్టే మంచినీళ్ళలో కడిగి, వేలితో నొక్కి పెట్టుకుంది.

"అడిగినవన్నీ సెప్పినాను. ఒక్క అబద్దం ఆడ్నేదు," అంది. "ఆడినది నువ్వే డాక్టరమ్మా."

"నేనే పిన్నీ," అన్నాను.